నిలవని అంకెలు

మెటల్ డిటెక్టర్ అనగానే మనవాళ్లకు తట్టేవి రెండే సంగతులు. ఒకటి, పెద్ద గుళ్ల ముందూ సినిమాహాళ్ల ముందూ చేతులు చాపమని ఒంటిమీద తిప్పి పంపే పరికరం. రెండోది మా ప్రాంతానికి ప్రత్యేకమైన జ్ఞాపకం. మందుపాతరల కాలంలో, అంటే 1990లలోనూ ఆ తరవాత కొన్నేళ్లపాటూ, ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మట్టిదారుల మీద పోలీసులు అటూ ఇటూ ఊపుకుంటూ నడిచిన గుండ్రటి పళ్లెం. అందుకేనేమో, మొన్నటి చలికాలంలో మందమర్రి దగ్గర మా అక్కవాళ్ల పత్తిచేనులో నేనా యంత్రం పట్టుకొని తిరుగుతుంటే, గట్టుమీద ఆగిన ఒక పెద్దాయన మొదట అడిగిన ప్రశ్న "బాంబు వెట్టిన్రా సారూ?" అని. కాదన్నాను. ఆయన కాసేపు నిలబడి, గొంతు తగ్గించి రెండో ప్రశ్న వేశాడు. "బంగారమా?"

రెండో ప్రశ్నకు జవాబు అవుననే. అయితే లంకెబిందెలు కాదు. పావు తులమైనా నిండని ఒక్క పుస్తె.

అక్క పత్తి ఏరుతుండగా పసుపుతాడు తెగింది. నడుముకు కట్టుకున్న ఒడి ముడి రాపిడికి తాడు ఎప్పటినుంచి పలచబడుతూ వచ్చిందో ఆమెకు తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటే చీర మడతలో రెండు గుండ్లూ, ఒక పుస్తే చిక్కుకొని ఉన్నాయి. రెండో పుస్తె లేదు. మన పెళ్లిళ్లలో రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటివారిదీ, ఒకటి అత్తింటివారిదీ కావడం ఆచారం. దొరికింది అత్తింటిది. పోయింది పుట్టింటిది, మా అమ్మ తన కమ్మలు కరిగించి చేయించినది. అమ్మ ఇప్పుడు లేదు.

బావ ఇక్కడి భూగర్భ గనుల్లో ఒకదానిలో పనిచేస్తాడు. "పోతె పోయింది, కొత్తది చేయిద్దాం" అన్నాడాయన తేలిగ్గానే. అక్క ఏమీ అనలేదు. కానీ ఆ వారమంతా ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లిన రోజుల్లో, తిరిగి వచ్చే వేళదాకా ఆమె అన్నం ముట్టలేదని మేనకోడలు నాకు ఫోనులో చెప్పింది. శకునాల మీద నాకు నమ్మకం లేదు. అయినా మనిషి రోజూ భూమిలోకి దిగివచ్చే ఇంట్లో, నమ్మకం లేదని చెప్పి ఊరుకోవడం కుదిరే పని కాదు. టెక్సాస్‌లో ఉండే మిత్రుడొకడు సెలవులకొచ్చినప్పుడు నా దగ్గర వదిలివెళ్లిన యంత్రాన్ని సంచిలో పెట్టుకొని బండెక్కాను. అంతకుముందు దాన్ని వాడింది లేదు, పెరట్లో రెండుసార్లు సరదాగా తిప్పడం తప్ప.

చేనులో అది మాట్లాడిన తీరు గురించే ఈ టపా.

ముందు ఆ యంత్రం చేసే పనేమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. పళ్లెంలో ఉన్న తీగచుట్ట సెకనుకు కొన్నివేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహముంటే అందులో సుడులు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ సుడులు తమ వంతుగా మరో బలహీనమైన క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. పంపినదానికీ తిరిగివచ్చినదానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యాన్నే యంత్రం ఒక అంకెగా మార్చి తెరమీద చూపుతుంది. నా చేతిలో ఉన్నదానికి కొలమానం సున్నా నుంచి 99 దాకా. ఇనుము కింది అంకెల్లోనూ, దళసరి రాగీ వెండీ పై అంకెల్లోనూ పలుకుతాయి. చిన్న బంగారం మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఇంతవరకు చదివి, అంకె చూసి తవ్వుకుంటే సరిపోతుంది కదా అనుకోవడం సహజం. చిక్కేమిటంటే, ఆ అంకె లోహం పేరు కాదు. లోహపు వాహకత, మందం, పరిమాణం, ఆకారం, అది నేలలో పడుకున్న వైఖరి, చుట్టూ ఉన్న మట్టి, అన్నీ కలిసి ఇచ్చిన ఒక్క జవాబు. పలుచటి బంగారు రేకూ, పలుచటి అల్యూమినియం రేకూ ఒకే అంకె చెప్పగలవు. పైగా ఆ అంకె నిలవదు. పళ్లెం ఎడమనుంచి కుడికి వెళ్తే 52, కుడినుంచి ఎడమకు వస్తే 31, మళ్లీ వెళ్తే 58, ఇంకోసారి నిశ్శబ్దం. మొదటిరోజు మధ్యాహ్నానికి నా చెవుల్లో పిచ్చుకల గుంపు చేరినట్టయింది.

ఆ గోలలో మొదటి భాగం నేలది కానే కాదు. పళ్లాన్ని నడుమెత్తులో గాలిలో కదలకుండా పట్టుకొని చూశాను. అయినా కూస్తూనే ఉంది. అంటే అది గాలిలోంచి వస్తున్నది. చేనుకు ఒక పక్కనుంచి గనివైపు వెళ్లే హైటెన్షన్ తీగలు ఉన్నాయి, ఇంకో పక్క బోరుమోటారు ఉంది, నా జేబులో సెల్‌ఫోను ఉంది. విద్యుత్తు ఉన్నచోటల్లా అయస్కాంత క్షేత్రం ఉంటుంది, యంత్రం వినేదీ అదే. ఫోను ఆపి గట్టుమీద పెట్టాను. మోటారు ఆపించాను. గ్రాహకశక్తిని రెండు మెట్లు తగ్గించాను. తీగల కింది సాళ్లు తప్ప మిగతా చేను చాలావరకు సద్దుమణిగింది. లోతు కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ నాలుగు రోజుల కిందట జారిపడ్డ వస్తువు మూరలోతులో ఉండదు కదా.

రెండో భాగం నేల సొంత గొంతు. మా దగ్గర వాన వెలిశాక బండిబాటల్లో నల్లటి ఇసుక చారలు కడుతుంది. చిన్నప్పుడు పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ఆ చారల మీద ఈడ్చితే గడ్డం మొలిచినట్టు ఇసుక అంటుకొని వచ్చేది. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. ఉత్తర తెలంగాణలో శతాబ్దాలపాటు ఊరూరా ఇనుము కరిగించింది ఇలాంటి ఖనిజంతోనే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. దాన్ని కళ్లారా చూసిన హెన్రీ వాయిసీ రాసిన వివరణ ఆయన మరణానంతరం 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారూ, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారూ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి ఈ ఇనుప పరిశ్రమ ఆనవాళ్లను నమోదు చేశారు. ఆ ఆనవాళ్లలో ముఖ్యమైనది చిట్టెం. ఇనుము కరిగించగా మిగిలిపోయిన, రాయిలా గట్టిపడిన కసటు. అక్క చేనులోనూ అరచేతిలో పట్టేంత చిట్టెం ముక్కలు రెండు దొరికాయి. పళ్లెం కింద పెడితే ఒకటి ఇనుమన్నది. ఇంకొకటి ఇనుమని ఒకసారీ, వెండి అని ఒకసారీ అన్నది.

ఇలాంటి నేలకు యంత్రాన్ని అలవాటు చేయాలి. లోహం లేదని తేలిన చోట పళ్లాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, ఎత్తినా దించినా ఒకే తీరు వినబడేదాకా సరిచేయాలి. నేల తానుగా పంపే జవాబును యంత్రం అప్పుడు తీసివేసి వింటుంది. చేనంతటా నేల ఒకటే కాదు గనక ఇది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. మా చేను ఎర్రనేలకూ నల్లరేగడికీ నడిమి రకం. పది సాళ్లకొకసారి మళ్లీ సరిచేయవలసి వచ్చింది.

ఇక మూడోది, మందమర్రికే చెందిన గొడవ. బొగ్గు మామూలుగా ఈ యంత్రానికి వినబడదు. కానీ సగం కాలి కోకుగా మారిన బొగ్గులో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇళ్లలో బొగ్గు పొయ్యిలు మండిన రోజుల్లో ఆ బూడిదా, కాలీ కాలని ముక్కలూ పెంటకుప్పకే చేరేవి. పెంటతోపాటు చేలకు వెళ్లేవి. ఆ కోకు ముక్కలు పలికేది సరిగ్గా పలుచటి రేకులూ, చిన్న బంగారమూ పలికేచోటనే. దానికి తోడు పత్తిచేను. పురుగుమందు డబ్బా మూత కింద ఒక అల్యూమినియం రేకు అతికించి ఉంటుంది. రైతు దాన్ని గోటితో చింపి అక్కడే పడేస్తాడు. ఎన్ని పిచికారీలు చేస్తే అన్ని రేకులు. అవన్నీ మా కొలమానంలో 45కూ 55కూ మధ్యన మోగేవే.

ఆ సాయంత్రం ఇదంతా మా బాపుకు చెప్పాను. ఆయన సింగరేణిలో మైనింగ్ సర్దారుగా చేసి విరమించినవాడు. గని పైకప్పును తట్టి వినడం సర్దారు పనుల్లో ఒకటి. ఒక చేత్తో కర్రతో తడుతూ రెండో చేతి వేళ్లను కప్పుకు ఆనించి ఉంచుతారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వేళ్లకు అదురు తెలియదు. పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది, వేళ్ల కింద సన్నగా వణుకుతుంది. ఆ తేడా తెలియనివాడి కింద పనిచేసేవారికి ప్రాణభయం. నేను చెప్పిన అంకెలన్నీ విని ఆయన అడిగింది ఒక్కటే.

"రెండో పుస్తె ఇంట్లనే ఉన్నది గదా. దాన్ని మోగిచ్చి చూసినవా?"

చూద్దామన్నాను. మర్నాడు పొద్దున అక్క ఆ అత్తింటి పుస్తెను పసుపుకుంకుమల భరిణె నుంచి తీసి ఇచ్చింది. గాలిలో జానెడు దూరంలో పట్టుకుంటే 50, 51. అదే చేను మట్టిలో నాలుగువేళ్ల లోతున పెడితే 46 నుంచి 54. పక్కకు తిప్పి నిలువుగా పెడితే శబ్దం సగమైంది, అంకె ఇంకా చెదిరింది. చివరికి బాపు ఒక తుప్పుపట్టిన నాడా మేకును తెచ్చి దాని పక్కన బెత్తెడు దూరంలో గుచ్చాడు. సాలు వెంబడి ఊపితే 28, 57, 33, నిశ్శబ్దం. సాలుకు అడ్డంగా ఊపితే మళ్లీ 49, 52. ఇనుము తన పక్కనున్నదాన్ని కమ్మేస్తుంది. కానీ అన్ని వైపులనుంచీ ఒకేలా కమ్మలేదు.

"కప్పు తట్టినట్టె ఇది" అన్నాడు బాపు. "ఒక్క దెబ్బకు తెల్వది. చుట్టు తిరిగి తట్టాలె. మాట మారితె మారనియ్యి, జాగ మారద్దు."

ఆయన చెప్పిన ఈ చివరి మాట ఏ వివరణ పుస్తకంలోనూ ఇంత పొందికగా చదవలేదు. అంకె తడబడటానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. లోతు పెరిగేకొద్దీ మట్టి వాటా ఎక్కువై అంకె ఇనుమువైపు జారుతుంది. పళ్లెం ఎత్తు మారినా, ఊపు వేగం మారినా చెదురుతుంది. అయితే నేలలో నిజంగా ఒక వస్తువు ఉన్నప్పుడు, పళ్లాన్ని ఏ దిక్కునుంచి తెచ్చినా శబ్దం అదే చోట లేస్తుంది. తుప్పుపట్టిన మేకు చేసే మాయ వేరు. ఒక దిక్కున దాని కొసదగ్గర కమ్మగా కూస్తుంది, తొంభై డిగ్రీలు తిరిగి చూస్తే ఆ కూత జానెడు పక్కకు జరుగుతుంది, లేదా మాయమవుతుంది. గాలిలోంచి వచ్చే గోలకైతే అసలు చోటే ఉండదు.

కాబట్టి నోటుపుస్తకంలో మూడు గడులు గీశాం. సాలు వెంబడి అంకె, సాలుకు అడ్డంగా అంకె, చోటు నిలిచిందా లేదా. ఆ రోజు అక్క ఏరినవి పదకొండు సాళ్లు. వెంబడి ఊపడం తేలిక. అడ్డంగా ఊపాలంటే మాత్రం పత్తికట్టె అడ్డం. బాపు మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో మొక్కలను వంచి పట్టుకుంటే, ఆ సందులోంచి పళ్లాన్ని తిప్పేవాణ్ణి. మధ్య అంకెల్లో పలికిన చోటల్లా ఒక పుల్ల పాతాం. రెండు రోజులకు 63 పుల్లలు లేచాయి. వాటిలో చోటు నిలిచినవి 23. తవ్వదగినవి అవే.

మొదటి పదహారింట్లో దొరికినవి తొమ్మిది పురుగుమందు రేకులు, నాలుగు కోకు ముక్కలు, రెండు మాత్రల పట్టీలు, ఒక జిప్పు కొస. అన్నీ మంచి అంకెలే. రేకులైతే ఏ దిక్కునుంచి అడిగినా 51, 52 అని వినయంగా, స్థిరంగా చెప్పినవి. పదిహేడో పుల్ల దగ్గర రాసుకున్నది ఇది: వెంబడి 29, 55, నిశ్శబ్దం. అడ్డంగా 47, 53. చోటు నిలిచింది. నేల అక్కడ వేలు పట్టేంత నెర్రె విచ్చి ఉంది. బాపు చురకత్తితో అంచును నెమ్మదిగా రాల్చాడు. మూడువేళ్ల లోతులో, ఒక ఎండుటాకు కింద, పుస్తె నిలువుగా ఇరుక్కొని ఉంది. దానికి బెత్తెడు దూరంలో, ఇంకాస్త కింద, ఎప్పటిదో ఎద్దు నాడా మేకు. నేను పుస్తెను తీసి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "అక్కకే ఇయ్యి" అని మొహం కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్లిపోయాడు.

మిగిలిన ఆరు పుల్లలనూ తవ్వకుండానే పీకేశాం. వెతికినది దొరికింది. ఏరని పత్తి ఇంకా చెట్టుమీదనే ఉంది.

సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు యంత్రం అద్దెకిస్తావా అని అడిగారు. ఒకడి కన్ను పాత గని మట్టిదిబ్బల మీద, ఇంకొకడి కన్ను గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల మీద. ఇద్దరికీ బాపూ నేనూ కలిసి చెప్పిన జవాబును ఇక్కడ కూడా రాయడం అవసరమనుకుంటాను, ఎందుకంటే తడబడే అంకె కంటే తడబడని అంకెతోనే ప్రమాదం ఎక్కువ.

భూగర్భ బొగ్గుగనుల్లో వాడే డిటొనేటరు గొట్టం రాగిది. అది పేలకుండా మట్టిలో కలిసి ఎక్కడైనా ఉండిపోతే, యంత్రానికి అంత చక్కటి వస్తువు మరొకటి ఉండదు. అంకె ఎత్తుగా ఉంటుంది, ఏ దిక్కునుంచి అడిగినా చెదరదు. ఆ అంకెను చూసి గునపం వేసినవాడి వేళ్లు ఉండవు. దిబ్బలవైపు యంత్రం పట్టుకొని వెళ్లవద్దు, తీగలు వేలాడే చిన్న గొట్టం ఎక్కడైనా కనబడితే ముట్టుకోకుండా కబురు చేయాలి. ఇది ముప్పయ్యేళ్లు గనిలో ఉన్నవాడి మాట.

కోటిలింగాల సంగతి ఇంకొకటి. శాతవాహనుల తొలిరాజు చిముకుని నాణేలూ, అంతకుముందరి గోభద, నారన, కంవాయస, సమగోప అనే రాజుల నాణేలూ దొరికిన చోటు అది. మన చరిత్రలో ఆ పేర్లు నిలిచింది ఆ చిన్న లోహపు బిళ్లల మీదనే. ఆ కాలపు నాణేల్లో సీసానివీ, పోటిన్ అనే మిశ్రమలోహానివీ ఉంటాయి. యంత్రానికి అవి కూడా పురుగుమందు రేకుల్లాగే మధ్య అంకెల్లో పలుకుతాయి. వాటిని పొరలోంచి పెరికి తీస్తే చేతిలో నాణెం మిగులుతుంది, అది ఏ గోడ పక్కన, ఏ కుండపెంకుతోపాటు ఉందో చెప్పే సాక్ష్యం పోతుంది. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నేరం. మన సొంత చేనులోనైనా పాతిపెట్టిన సొత్తు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలన్నది ఆనాటి లెక్క, ఈనాటికీ అదే.

యంత్రాన్ని మాత్రం అద్దె లేకుండా ఒక షరతు మీద ఇస్తున్నాను. పోగొట్టుకున్నవారి పొలంలో, పోగొట్టుకున్నవారి ఎదుట, పోయిన వస్తువు కోసమే. ఇప్పటికి రెండిళ్లకు వెళ్లివచ్చింది. ఒకచోట కాలి మట్టె దొరికింది, ఒకచోట ఉంగరం దొరకలేదు.

మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే నాకు తెలిసినది ఇంతే. ముందు పళ్లాన్ని గాలిలో కదలకుండా పట్టి వినండి. తరవాత నేలను వినండి. పోయినదానికి జతగా మిగిలిన వస్తువు ఉంటే, లేదా అలాంటిదే పొరుగింట ఉంటే, దాన్ని అడిగి తెచ్చి అదే మట్టిలో పెట్టి, తిప్పి, వంచి, పక్కన ఒక మేకు గుచ్చి, అది ఎన్ని రకాలుగా తడబడుతుందో రాసుకోండి. ఆ తరవాతే వెతకడం మొదలుపెట్టండి. నిలువుగా ఇరుక్కొని, మేకు పక్కన పడిన బంగారం తన పేరు తాను సరిగా చెప్పుకోలేదు. చుట్టూ తిరిగి, ఓపికగా, నాలుగు వైపులనుంచీ అడగవలసింది మనమే.